తుప్పు చూసే వేలు

గత నెలలో నా కారు బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. విరుదునగర్‌లో నేను పాఠాలు చెప్పే కళాశాలకు పోయే దారిలోనే ఒక వర్క్‌షాపు ఉంది. అక్కడి మెకానిక్ ముందు చక్రాలు విప్పి, అరిగి అంచులు లేచిన డిస్కులను నాకు చూపించి, కొత్తవి వేయక తప్పదన్నాడు. నేను స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. పెట్టెలోంచి తీసిన కొత్త డిస్కు కాగితంలో చుట్టి ఉంది. దాని మీద పలుచని నూనె పొర. అతడు ఏదో ద్రవం చల్లి, తెల్లని గుడ్డతో, గుడ్డకు ఏ మరకా అంటనంత వరకు దానిని తుడిచాడు. ఎంత నున్నగా ఉందో చూద్దామని నేను వేలు చాపాను. "తొట్టుడాదీంగ మేడమ్," అని తమిళంలో వారించాడు. ముట్టుకోవద్దని, వేలికుండే జిడ్డు కూడా దానికి చెరుపేనని వివరించాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంత చిన్న మాట మా చిన్నమ్మకు సమయానికి ఒక్కరైనా చెప్పలేదే అన్న తలపు నన్ను ఆ పూటంతా వదలలేదు.

మా ఇల్లు కోవిల్‌పట్టికి తూర్పున, నాగలాపురం పోయే దారిలో, నల్లరేగడి చేల నడుమ ఉండేది. మిరప, పత్తి, సజ్జ. వాన కురిస్తే ఆ మట్టి కాలిని పట్టుకుని వదలదు. ఇనుమును పట్టుకుంటే తినకుండా వదలదు. అందువల్ల మా ఇంట్లో ఇనుముకు ఒక క్రమం ఉండేది. సాయంత్రం చేలనుంచి వచ్చిన కొడవళ్ళు, పారలు, గడ్డపారలు, గుంటక పలుగులు అన్నీ పెరట్లో కడిగి, పొయ్యి పక్కన ఆరబెట్టి, పాత చీర గుడ్డతో మంచినూనె రుద్ది పడుకోబెట్టాలి. నువ్వుల నూనెను మా ఇంట్లో మంచినూనె అనేవారు. అది ఆడవారి పని. చీకటి పడేసరికి మా పెరడు అన్నం వాసనతో పాటు తడి ఇనుము వాసన, నూనె వాసన వేసేది. ఇప్పటికీ ఎవరి వంటింట్లోనైనా నువ్వుల నూనె కాగితే నాకు ఆకలి కలగదు. వెన్ను నిటారుగా అవుతుంది.

ఎందుకంటే తెల్లవారగానే తాత వచ్చేవాడు. స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, ఒక్కొక్క పనిముట్టు మీదా కుడిచేతి బొటనవేలు నెమ్మదిగా లాగేవాడు. వేలికి ఎరుపు అంటకపోతే ముందుకు పోయేవాడు. అంటితే, ఆ పనిముట్టు ఎవరి వంతులో ఉందో ఆ మనిషిని పిలిచి, ఆ ఎరుపును ఆమె చెంపకు తుడిచేవాడు. కుడి చెంపకే. మధ్యాహ్నం అన్నాలయ్యేంత వరకు దానిని కడుక్కోకూడదు. నీళ్ళకు పోయినా, చేనికి పోయినా, ఆ చెంపతోనే పోవాలి. తాత తన జన్మలో ఆడదాని మీద చెయ్యి ఎత్తలేదని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవారు. అది నిజమే. ఆయనకు ఆ అవసరం రాలేదు.

మా అమ్మ పెద్ద కోడలు. ఆ చెంప మొదట ఆమెది. ఆమె దానిని ఎట్లా భరించిందో నాకు తెలియదు. నాకు బుద్ధి తెలిసే నాటికి ఆమె తుప్పును వాసనతో పసిగట్టగలిగేది. చిన్నాయనకు పెళ్ళై చిన్నమ్మ వచ్చిన తరువాత ఇనుమంతా చిన్న కోడలి వంతుకు మారింది. అప్పగించిన సాయంత్రం అమ్మ తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, వీధి అరుగు మీద కూర్చుంది. పండుగేమీ కాదు.

చిన్నమ్మది తాయిల్‌పట్టి. మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కానీ భూమి లేనివారు. పుట్టింటి వారంతా టపాకాయల షెడ్లలో కూలికి పోయేవారు. చిన్నాయన పికప్ బండిలో ఆ షెడ్లకు అట్టపెట్టెలు తోలుతూ ఆమెను చూశాడు. అన్నం మానేసి పెళ్ళికి ఒప్పించాడు. మందు కూరే చోటికి ఇనుమును రానియ్యరట. ఇనుముకు ఇనుము తగిలితే నిప్పురవ్వ లేస్తుందని అక్కడ ఇత్తడి, చెక్క మాత్రమే వాడతారట. అట్లా పెరిగిన మనిషికి మా ఇంటి ఇనుమంతా ఒక్కసారిగా చేతికి వచ్చింది. మొదటి రోజే ఆమె కొడవలిని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకోవడం చూసి అవ్వ, "అదేమి తేలా, కుడతాదని అట్ల పట్టుకునేదానికి?" అంది. ఇల్లంతా నవ్వింది. తాత నవ్వలేదు. "ఏమే టపాసూ," అన్నాడు, "మీ ఇంట్లో పేలేది మాత్రమే తెలుసునా?" ఆ రోజు నుంచి ఆమె పేరు టపాసు. ముత్తమ్మ అన్న అసలు పేరు రేషన్ కార్డులో ఉండేది.

పికప్ బండి మాత్రం మొదట్లో తాత వేలికి అందలేదు. అది చిన్నాయన రాజ్యం. మిరపకాయల మూటలు విరుదునగర్ మండీకి తోలడం, తిరుగు దారిలో దొరికిన సరుకు వేసుకురావడం. అయితే రేగడి మట్టిలో తిరిగే బండికి ముందు డిస్కులు నిలవవు. ఎండిన మట్టిలోని గరుకు ప్యాడ్లకూ డిస్కుకూ నడుమ దూరి, ఇనుము మీద గీతలు కోస్తుంది. బ్రేకు తొక్కితే కీచుమని ఏడుస్తుంది. తరువాత స్టీరింగు వణుకుతుంది. కొత్తవి కొనడానికి తాత ఒప్పుకోక, ఉన్నవాటినే కోవిల్‌పట్టిలో ఇనుము చెక్కే లేత్ కొట్టుకు తీసుకుపోయి ముఖం చెక్కించి తెమ్మనేవాడు. ఆఖరున లేత్ మనిషే చేతులెత్తేశాడు. ఇంకా చెక్కితే డిస్కు అప్పడం అవుతుందని, ఎక్కడైనా దిగుడు దారిలో పగిలితే తనను అడగవద్దని చెప్పి పంపాడు. అప్పుడు కొత్త డిస్కులు వచ్చాయి.

వాటిని మా వాకిట్లోనే బిగించారు. కోవిల్‌పట్టి నుంచి వచ్చిన మెకానిక్ కొత్త డిస్కుల మీది నూనెను పెట్రోలుతో కడగడం మొదలుపెట్టగానే తాత మంచం మీదనుంచి లేచాడు.

"ఏమిరా, ఉండే నూనెను కడిగేస్తాడు?"

"నూనె ఉంటే బ్రేకు పట్టదు నాయనా. జారిపోతాది," అన్నాడు చిన్నాయన, కంఠం తగ్గించి. తాత ముందు ఆయన ఎప్పుడూ గొంతెత్తేవాడు కాడు.

"అట్లయితే కంపెనీవాడే పూసి పంపినాడు కదరా! వాడేమి పిచ్చోడా?"

"అది దారిలో తుప్పు పట్టకుండా..."

"ఈడ పట్టదా? ఈడ వాన పడదా? కంపెనీవాడికి తెలిసింది మీకు తెలియదా?"

చిన్నాయన, మెకానిక్ ముఖాలు చూసుకుని నవ్వుకున్నారు. పని కానిచ్చారు. కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకునేదాకా బ్రేకు కాస్త మెత్తగా ఉంటుందని, కొన్నాళ్ళు నిదానంగా తోలమని మెకానిక్ చెప్పి పోయాడు. పెరట్లో రోకలి పట్టుకున్న చిన్నమ్మకు ఈ సంభాషణలో తాత గొంతు ఒక్కటే వినిపించింది. కంపెనీవాడే నూనె పూసి పంపాడు. అంతవరకే ఆమెకు తెలుసు. తక్కినది ఆమెకు చెప్పవలసిన పనిగా ఎవరికీ తోచలేదు.

వాడనప్పుడు డిస్కు ముఖం ఎర్రబడుతుంది. బండి కడిగిన రాత్రి గడిస్తే చాలు. ఒకసారి బ్రేకు తొక్కితే ఆ ఎరుపు పోతుంది. దానివల్ల నష్టం లేదు. కానీ తాత మరుసటి ఉదయం చక్రం రంధ్రంలోంచి బొటనవేలు దూర్చాడు. ఎరుపు అంటింది. కొత్త ఇనుము, ఒక్క రాత్రికే! చిన్నమ్మను పిలిచాడు. "ఇది కూడా ఇంటి ఇనుమే," అని ఆమె చెంపకు తుడిచాడు. బండి ఎవరి వంతు అని ఆమె అడగలేదు. ఆ వారమంతా ఆమె చెంప ఆరలేదు. ఎంత తుడిచినా తెల్లవారేసరికి డిస్కు మళ్ళీ ఎర్రగా నవ్వుతూ ఉండేది.

అదే వారంలో తాయిల్‌పట్టి నుంచి కబురు వచ్చింది. చిన్నమ్మ తల్లికి దగ్గు ముదిరిందని, మందు పొడి ఊపిరి నిండా పేరుకుందని ఆసుపత్రిలో అన్నారని, మనిషి మంచానికి అంటుకుపోయిందని. చిన్నమ్మ పుట్టిల్లు చూసి అప్పటికి రెండు వానకాలాలు దాటాయి. ఆమె తాత మంచానికి దూరంగా నిలబడి అడిగింది. తాత చాలాసేపు ఆకు వక్క నములుతూ ఆలోచించాడు. కాదనలేదు.

"పోవచ్చు," అన్నాడు. "బండి ఎట్లనూ విరుదునగరు పోతాది. పొద్దున నా వేలికి ఎరుపు అంటకుంటే ఎక్కు. అంటితే వచ్చే నెల చూద్దాము."

అవ్వ పక్కనుంచి, "దానికి పోయే ఆశ ఉంటే తుడుచుకుంటాది లే," అంది.

ఆ సాయంత్రం చిన్నమ్మ బండి కడిగింది. కట్టెకు గుడ్డ చుట్టి, మంచినూనెలో ముంచి, చక్రం రంధ్రాలలోంచి దూర్చి, కొడవలికి రుద్దినట్టే డిస్కులకు రుద్దింది. ఉదయం తాత వేలు దూర్చి తీశాడు. మెరుస్తున్న వేలిని వెలుతురులో తిప్పి చూసుకుని, "ఇప్పుడు నేర్చినావు," అన్నాడు. ఆ ఇంట్లో ఆమె విన్న ఏకైక మెప్పు అది.

ఆ బండిలో నేనూ ఉన్నాను. మా వంశంలో కళాశాల గడప తొక్కబోయే మొదటి మనిషిని. విరుదునగర్‌లో నాకు సీటు వచ్చింది, ఆ రోజే చేరాలి. వెనుక మిరప మూటలు, ముందు మేము ముగ్గురం. చిన్నమ్మ తలనిండా నూనె పెట్టి బిగించి జడ వేసుకుంది. ఒడిలో తల్లికోసం కోవిల్‌పట్టి వేరుశెనగ మిఠాయి పొట్లం. చిన్నాయన ముక్కు ఎగబీల్చి, "ఏమే, మీ అమ్మను చూసేదానికి పోతావా, వడలు కాల్చేదానికి పోతావా? బండంతా నూనె వాసన!" అన్నాడు. ఆమె మోచేత్తో పొడిచింది. నవ్వుకున్నాము. బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగుతోందని, కొత్త ప్యాడ్లు ఇంకా సర్దుకోలేదని ఆయన గొణుక్కున్నాడు. నాలుగు వరుసల రోడ్డు ఎక్కాక తొక్కే అవసరం అంతగా రాలేదు. సాత్తూరు దగ్గర తాయిల్‌పట్టి వైపు చీలే దారి కనిపించగానే చిన్నమ్మ మెడ తిప్పి చూసింది.

"ముందు మూటలు దించుతాను. తిరిగి వచ్చేటప్పుడు నేనే తోడుకొని పోతాను. అల్లుడు చేతులూపుకుంటా రాకుంటే మీ అమ్మ ఏమనుకుంటాది?" అన్నాడు చిన్నాయన. ఆమె తల ఊపింది.

విరుదునగర్ మండీ వీధిలో మాటిమాటికీ బ్రేకు తొక్కవలసి వచ్చింది. అప్పుడు ముందు చక్రాలనుంచి పొగ లేచింది. అది కాలిన రబ్బరు వాసన కాదు. పోపు పెట్టేటప్పుడు వచ్చే వాసన. చిన్నమ్మ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆమెకు అప్పుడే అర్థమైంది. నోరు తెరిచింది. అంతలో ముందు ఒక లారీ ఆగింది. చిన్నాయన రెండు కాళ్ళతో నిలబడి తొక్కినా మా బండి ఆగలేదు. లారీ వెనుక ఇనుప దూలం మా ముందు భాగాన్ని లోపలికి నొక్కింది. చిన్నాయన కుడి మోకాలి చిప్ప పగిలింది. మా ఇద్దరికీ దెబ్బలు తగలలేదు. మూటలు చిట్లి, ఆ వీధంతా మిరపకాయలు.

దగ్గరలోని మెకానిక్ చక్రం విప్పి, ప్యాడ్‌ను వాసన చూసి, గుమిగూడిన వారికి చూపించాడు. దీనికి నల్లెణ్ణెతో, అదే మా మంచినూనెతో, తలంటు పోసిన పుణ్యాత్ములు ఎవరని తమిళంలో అడిగాడు. జనం పగలబడి నవ్వారు. చిన్నమ్మ మిఠాయి పొట్లం గుండెకు అదుముకుని, "నేనే," అంది, తెలుగులో. ఎవరికీ అర్థం కాలేదు. చిన్నాయనకు అర్థమైంది. నొప్పితో ముఖం ముడుచుకుపోయి ఉన్న ఆయన ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తరువాత కూడా, ఆమె పక్షాన గానీ ఎదురుగా గానీ, ఏమీ అనలేదు.

ఇంటికి ఫోన్ పోయింది. మా నాయన బస్సులో వచ్చాడు. తమ్ముణ్ణి ఆసుపత్రిలో చేర్పించి, చిన్నమ్మతో, "నిన్ను తిరిగి తోడుకొని రమ్మన్నాడు నాయన," అన్నాడు.

"తాయిల్‌పట్టి ఈడికి దగ్గరే కదా బావా. ముఖం చూసి వచ్చేస్తాను. ఒక్క గడియ."

"చెప్పింది విను. ముందు ఇంటికి వచ్చి జవాబు చెప్పు."

మంచం మీదనుంచి చిన్నాయన నాతో, "నువ్వు పో పాపా, ఆఫీసు మూసేస్తారు," అన్నాడు. నేను పోయాను. నేను కళాశాలలో సంతకం పెడుతున్న వేళకు చిన్నమ్మ ఎక్కిన బస్సు సాత్తూరు దాటి ఉంటుంది.

విచారణ మా వాకిట్లో జరిగింది. మరునాడు నేను తిరిగి వచ్చేసరికి తాత మంచం మీద, చిన్నమ్మ తులసి కోట దగ్గర నేల మీద.

"ఎవురు పూయమన్నారు?"

"ఎవురూ అనలేదు మామా. ఎర్రగా ఉంటే పోనియ్యనంటిరి."

"తుడువమంటిని. పూయమంటినా?"

"కంపెనీవాడే పూసి పంపినాడని మీరే..."

"నోరు!" అంది అవ్వ. "మొగుని కాలు విరిచి, ఇంగా మాట్లాడతాది. మందుగుండు ఇంటినుంచి తెచ్చుకున్నాము, పేలకుండా ఉంటాదా?"

తాత చెయ్యెత్తి అవ్వను ఆపాడు. ఆయన కోపంగా లేడు. పొలానికి నీళ్ళు వదిలే విషయం చెప్పినంత నెమ్మదిగా, "ఇంగ ఈ పిల్ల చేతికి నూనె తగలకూడదు," అన్నాడు. "ఇనుముకు వద్దు, చట్టికి వద్దు, తలకు వద్దు. నేను చెప్పేదాకా."

ఇంతేనా అని ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. పుట్టింటికి తరిమేస్తాడని అనుకున్నారు. మా అమ్మ అయితే, "మామ మనసు పెద్దది," అని అంది కూడా. ఇనుము మళ్ళీ ఆమె వంతుకు వచ్చిందని ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు.

శిక్ష ఎంతటిదో మాకు నెలలు గడిచాకే తెలిసింది. చిన్నమ్మ వండుతుంటే అవ్వ వచ్చి చట్టిలో నూనె చుక్క వేసి, గిన్నె ఎత్తుకుని పోయేది. శుక్రవారం ఇంట్లోని ఆడవారంతా తలంటుకుని ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటుంటే, ఆమె వాళ్ళకు వేడినీళ్ళు తోడేది. ఆమె జుట్టు మొదట రంగు మారింది, తరువాత కొబ్బరి పీచులా లేచి నిలబడింది, తరువాత దువ్వెనకు రావడం మొదలుపెట్టింది. మా వైపు ఆడదాని తలకు నూనె లేదంటే ఆ ఇంట్లో చావు జరిగిందని అర్థం. బావి దగ్గర కొత్తవారు ఎవరు పోయారని అడిగేవారు. హాస్టలునుంచి సెలవులకు వచ్చినప్పుడు నేను చిన్న సీసాలో కొబ్బరి నూనె తెచ్చి ఇవ్వబోయాను. ఆమె సీసా మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టింది. "వద్దు పాపా. మామ ముక్కు నా తలమీదనే ఉంటాది. నీకు పోయేదానికి కాలేజీ ఉండాది. నాకు ఇదే ఇల్లు."

ఇప్పుడు ఆ వాకిలి లేదు. బండినీ తూకానికి అమ్మేశారు. తాత నిండు వయసులో, నిద్రలోనే, ఏ బాధా లేకుండా పోయాడు. పాడె వెంట ఊరంతా నడిచింది; ఆడదానిపై చెయ్యెత్తని మనిషి అని మళ్ళీ చెప్పుకున్నారు. నేను తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకుని, ఆయన ఇంట్లో మాట్లాడిన భాషలోనే ఇది రాస్తున్నాను. ఈ కాలపు డిస్కు పెట్టె మీద నూనె తగలనివ్వకూడదని బొమ్మతో సహా అచ్చు వేసి ఉంటుంది. చదవలేనివారికి కూడా అర్థమవుతుంది. అది మంచి మార్పే. మా బంధువుల ఇళ్ళలో ఏ కోడలి చెంపకూ ఎవరూ తుప్పు తుడవరు. మొన్న ఒక పెళ్ళిలో ఒక అత్తగారు తన కోడలు ఆ నిమిషాన ఏ వీధిలో ఉందో తెలిపే, ఫోనులో కదిలే నీలం చుక్కను అందరికీ చూపించి మురిసిపోయింది. చుట్టూ ఉన్నవారు ఆ చుక్కను ఆసక్తిగా చూశారు. నేను కూడా చూశాను. ఆనాటికీ ఈనాటికీ తేడా చెప్పమంటే, ఆనాడు వేలికి ఎరుపు అంటేది అని మాత్రం చెప్పగలను.

చిన్నమ్మ తల్లి ఆ ఏడాదంతా కొనప్రాణంతో ఉండిపోయింది. చివరికి చిన్నమ్మ తమ్ముడు వచ్చి మా వాకిట్లో ఎండలో నిలబడ్డాడు. తాత అతణ్ణి కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. నీడ మంచం దాటి పోయాక, "పొద్దున పోయి సాయంత్రం బస్సుకు రావల్ల," అన్నాడు. నూనె సంగతి ఎత్తలేదు. ఎత్తలేదంటే శిక్ష అట్లాగే ఉందని అర్థం. ఆ రోజు తాయిల్‌పట్టిలో ఏమి జరిగిందో చిన్నమ్మ నాకు చాలా కాలానికి, ఆమె చేతికి తిరిగి నూనె వచ్చాక, చెప్పింది.

తల్లికి చూపు ఇంకా పోలేదు. కూతురు గడపలో కనిపించగానే ఆ పీచు తలను చూసి, లేవలేక, చెయ్యి మాత్రం ఎత్తి, "ఆ ఇంట్లో ఎవురు పోయినారే?" అని అడిగిందట.

"ఇంగా ఎవురూ పోలేదమ్మా," అందట చిన్నమ్మ.

తల్లి కాసేపు దగ్గి, దగ్గు ఆగాక, కొడుకుతో నూనె గిన్నె తెమ్మందట. మంచం పక్కన కూతురిని కూర్చోమని, వేళ్ళను గిన్నెలో ముంచబోతుంటే, చిన్నమ్మ ఆ మణికట్టు పట్టుకుని ఆపింది. గిన్నెను తల్లి చేతికి అందనంత దూరం జరిపింది.

"నూనె తలతో సాయంత్రం బస్సు ఎట్లా ఎక్కేది, పాపా?" అంది నాతో.